ఈసీఐఎల్ పెట్టె, జెనీవా సొరంగం



పోస్టు పెద్దదే. బస్సులో కూర్చున్నప్పుడో, మెస్ లైన్లో నిలబడ్డప్పుడో నిదానంగా చదవండి. మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, పోడు పట్టాల సంగతులు వస్తుంటాయి. అవి రావాల్సిందే. ఇది మాత్రం ఫిజిక్స్ గురించి. భయపడకండి, ఫార్ములాలు ఉండవు. ఒక్క లెక్క ఉంటుంది, అది కూడా నేనే వేసి చెప్తా.

మాది దుమ్ముగూడెం మండలం, కోయ గూడెం. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటోణ్ణి నేనే. బౌద్ధనగర్‌లో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నా. నాది ఫిజిక్స్ అని తెలిసినప్పటి నుంచి రూమ్మేట్లు పార్టికల్ కొలైడర్ వీడియోలు పంపి రెండే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒకటి, అది అసలు ఏం చేస్తది? రెండు, దాంతో మనకేం పని? మొదటిదానికి జవాబు పుస్తకాల్లో ఉంది. రెండోదానికి జవాబు వెతుక్కుంటూ పోతే అది తార్నాక బస్టాపు దగ్గరే కనిపించింది. రెండూ చెప్తా.

ముందు యంత్రం సంగతి. కణాలను ఎదురెదురుగా ఉరికించి ఢీకొట్టించేదే కొలైడర్. ఇప్పుడు ప్రపంచంలో అన్నింటికంటే పెద్దది లార్జ్ హాడ్రాన్ కొలైడర్, పొట్టిగా ఎల్‌హెచ్‌సీ. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో, జెనీవా పక్కన, భూమికి దాదాపు 100 మీటర్ల లోతులో ఒక గుండ్రటి సొరంగంలో ఉంటుంది. చుట్టుకొలత 27 కిలోమీటర్లు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాకా ఉన్న రోడ్డును చుట్టగా చుట్టి భూమిలో పెట్టారనుకోండి, దాదాపు అంత. అందులో ప్రోటాన్లు ఒక్క సెకనులో 11,000 సార్లకు పైగా చుట్టూ తిరుగుతాయి. దీన్ని నడిపే సంస్థ పేరు సెర్న్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1954లో 12 యూరప్ దేశాలు కలిసి పెట్టుకున్నాయి.

ఎదురెదురుగానే ఎందుకు కొట్టించాలి? పొట్టేళ్ల పందెం చూసినోళ్లకు తొందరగా అర్థమవుతుంది. నిలబడ్డ పొట్టేలును ఇంకొకటి ఉరికొచ్చి కొడితే, దెబ్బలో చాలా భాగం దాన్ని వెనక్కి నెట్టడానికే పోతుంది. రెండూ ఉరికొచ్చి తలలు కొట్టుకుంటే దెబ్బంతా ఆ తలల మధ్యే పడుతుంది. కణాల విషయంలో ఈ తేడా మనం ఊహించే దానికంటే చాలా ఎక్కువ.

ఇదిగో ఆ ఒక్క లెక్క. ఎల్‌హెచ్‌సీలో ఒక్కో ప్రోటాన్‌కు ఇచ్చే శక్తి 6,800 జీఈవీ. జీఈవీ అంటే కణాల లోకంలో కొలత, మన కిలో, క్వింటాల్ లాగా. రెండు ప్రోటాన్లు ఎదురెదురుగా తగిలితే ఆ ఢీలో ఉండే శక్తి 13,600 జీఈవీ. అదే ప్రోటాన్‌తో కదలకుండా ఉన్న ఇంకో ప్రోటాన్‌ను కొడితే? సగం వస్తుందనుకుంటాం. ఐన్‌స్టీన్ పద్ధతిలో లెక్కేస్తే వచ్చేది సుమారు 113 జీఈవీ మాత్రమే. మిగతాదంతా ముందుకు నెట్టడంలోనే పోతుంది. 2012 జూలై 4న సెర్న్ వాళ్లు కనిపెట్టామని ప్రకటించిన హిగ్స్ బోసాన్ బరువు 125 జీఈవీ. అంటే అంత పెద్ద యంత్రం కట్టి కూడా కణాలను ఎదురెదురుగా తేకపోతే, ఆ ఢీలో ఒక్క హిగ్స్ కూడా పుట్టదు. ఈ లెక్క వేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నిజంగా చెప్తున్నా.

హిగ్స్ అంటే ఏందో కూడా ఒక మాట. కొన్ని మూల కణాలకు బరువు ఎందుకుంది అన్న ప్రశ్నకు 1964లో పీటర్ హిగ్స్, ఫ్రాంస్వా ఆంగ్లేర్ లాంటి వాళ్లు కాగితం మీద ఒక జవాబు రాశారు. విశ్వమంతా ఒక క్షేత్రం నిండి ఉందని, దానితో కలిసే తీరును బట్టి ఈ కణాలకు బరువు వస్తుందని ఆ జవాబు. అది నిజమని చూపించడానికి 48 ఏళ్లు పట్టింది. 2013లో ఆ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. బోసాన్ అనే మాట మాత్రం మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద వచ్చింది.

ఇంత పెద్ద యంత్రం ఒక్కసారే పుట్టలేదు. 1931లో అమెరికాలో ఎర్నెస్ట్ లారెన్స్, ఆయన విద్యార్థి లివింగ్‌స్టన్ నడిపిన మొదటి సైక్లోట్రాన్ అరచేతిలో పట్టేంత ఉండేది. అది కణాల వేగం పెంచేదే గానీ ఎదురెదురుగా కొట్టించేది కాదు. ఎలక్ట్రాన్లనూ, వాటికి వ్యతిరేక కణాలైన పాజిట్రాన్లనూ ఒకే గుండ్రటి గొట్టంలో ఎదురెదురుగా తిప్పే మొదటి యంత్రం 1961లో ఇటలీలో వచ్చింది. పేరు ఆడా. దాని వెనకున్న మనిషి బ్రూనో టౌషెక్. ఆయన కథ మన పిల్లలు తెలుసుకోవాలి. పుట్టింది వియన్నాలో. తల్లి యూదురాలని నాజీల కాలంలో యూనివర్సిటీ చదువు సాగనివ్వలేదు. వేరే ఊళ్లో, తెలిసినవాళ్ల సాయంతో చాటుమాటుగా చదువుకున్నాడు. 1945లో జైల్లో పెట్టారు. ఖైదీలను నడిపించుకుంటూ పోతుంటే దారిలో పడిపోయాడు. కాపలావాడు కాల్చి, చనిపోయాడనుకొని వదిలేసి పోయాడు. ఆ మనిషి బతికి, పదహారేళ్ల తర్వాత ఈ యంత్రం నిలబెట్టాడు.

ఆ తర్వాత వరుసగా వచ్చాయి. 1971లో సెర్న్‌లో ప్రోటాన్లను ప్రోటాన్లతో ఢీకొట్టించే మొదటి కొలైడర్. 1983లో అక్కడే డబ్ల్యూ, జడ్ అనే కణాలు దొరికాయి. 1995లో అమెరికాలోని టెవట్రాన్‌లో టాప్ క్వార్క్ దొరికింది. అన్నీ గెలుపులే కాదు. టెక్సస్‌లో 87 కిలోమీటర్ల కొలైడర్ మొదలుపెట్టి, సొరంగం కొంత తవ్వాక, ఖర్చు ఎక్కువైందని 1993లో అమెరికా పార్లమెంటు ఆపేసింది. ఎల్‌హెచ్‌సీ కూడా 2008 సెప్టెంబరు 10న మొదలై తొమ్మిది రోజులకే ఆగిపోయింది. రెండు అయస్కాంతాల మధ్య కరెంటు తీగ అతుకు ఒకటి తెగి, టన్నుల కొద్దీ హీలియం సొరంగంలోకి వెళ్లిపోయింది. బాగుచేసి మళ్లీ నడపడానికి 14 నెలలు పట్టింది.

ఇక్కడి నుంచి కథ మన హైదరాబాదుకు వస్తుంది.

తార్నాక చౌరస్తాలో కాసేపు నిలబడితే చాలు, ఈసీఐఎల్ బోర్డు పెట్టుకున్న బస్సు ఒకటి వస్తుంది. మనలో చాలామందికి ఈసీఐఎల్ అంటే బస్సు ఆగే ఒక చౌరస్తా. నాకూ మొదటి రెండేళ్లు అంతే. అది ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. అణుశక్తి శాఖ కింద 1967లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఏఎస్‌రావు నగర్ అనే పేరు ఆయనదే. మనం ఓటేసే ఈవీఎంలు తయారు చేసే రెండు సంస్థల్లో ఇది ఒకటి. ఎల్‌హెచ్‌సీ కోసం మన దేశం తయారు చేసి పంపిన సామానులో కూడా ఈసీఐఎల్ చెయ్యి ఉంది. అది ఏం సామానో చెప్పాలంటే అయస్కాంతాల గురించి కొంచెం చెప్పాలి.

ప్రోటాన్లు గుండ్రంగా తిరగాలంటే వాటిని అడుగడుగునా వంచాలి. దానికి 1,232 పెద్ద అయస్కాంతాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, దాదాపు 35 టన్నులు. వాటి తీగల్లో 11,850 ఆంపియర్ల కరెంటు పారుతుంది. హాస్టల్ గదిలో తిరిగే ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు, పోల్చుకోండి. మామూలు రాగి తీగ అయితే అంత కరెంటుకు వేడెక్కి కరిగిపోతుంది. అందుకని ప్రత్యేకమైన తీగ వాడి, హీలియంతో మైనస్ 271 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. ఆ చలిలో ఆ తీగ కరెంటును అసలు అడ్డుకోదు. దాన్నే అతివాహకం అంటారు.

తీగలో ఎక్కడో ఒకచోట కొద్దిగా వెచ్చబడితే ఆ చోట అతివాహకత పోతుంది. అక్కడ కరెంటుకు అడ్డు ఏర్పడి ఇంకా వేడెక్కుతుంది. దీన్ని క్వెంచ్ అంటారు. ఒక్కో అయస్కాంతంలో దాచిన శక్తి దాదాపు 70 లక్షల జౌళ్లు. కరెంటు బిల్లు లెక్కలో అది రెండు యూనిట్లే. కానీ ఆ రెండు యూనిట్లూ క్షణాల్లో గోరంత చోట దిగితే ఆ తీగ కరిగిపోతుంది. మరి ఏం చేస్తారు? ఆ చోటును చల్లార్చడానికి పోరు. అయస్కాంతం పొడవునా అంటించిన హీటర్ పట్టీల్లోకి ఒక్కసారిగా కరెంటు వదిలి, తీగను చాలా మేర తామే వెచ్చబరుస్తారు. అప్పుడు భారం ఒక్క చోట పడకుండా అంతటా పరుచుకుంటుంది. అయస్కాంతం బతుకుతుంది.

ఆ హీటర్లకు 900 వోల్టులతో కరెంటు వదిలే పెట్టెలు వేల సంఖ్యలో మన దేశం నుంచే వెళ్లాయి. క్వెంచ్ మొదలైందని పసిగట్టే రక్షణ పెట్టెలు కూడా వెయ్యికి పైగా వెళ్లాయి. ఇండోర్, బాంబేలోని అణుశక్తి శాఖ శాస్త్రవేత్తలు డిజైన్ చూసుకుంటే, ఈసీఐఎల్ లాంటి సంస్థలు వాటిని తయారు చేశాయి. ఇంకో సామాను కూడా ఉంది. అయస్కాంతాలను కింద నుంచి మోసి, వెంట్రుక మందం కంటే తక్కువ తేడాతో సర్దే జాకీలు. దాదాపు 7,000 జాకీలు మన దేశంలో తయారై వెళ్లాయి.

పండక్కి ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా నాన్నకు ఫోన్లో బొమ్మలు పెట్టి చెప్పా. ఆయన తునికాకు కట్టలు లెక్కపెట్టడంలో దిట్ట, బడికి పోయింది మూడో తరగతి దాకే. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆ సొరంగంలో మనోళ్లు ఎవరన్నా ఉన్నారా?" మన గూడేల నుంచి అంటున్నాడని అర్థమైంది. నేను పెట్టెల గురించి, జాకీల గురించి మళ్లీ చెప్పా. "అవి మోసినోళ్లు, బిగించినోళ్లు కూడా మనుషులే కదా" అన్నాడు. అంతే. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. హిగ్స్ కణం అంటే ఒక ముసలాయన ఫొటో వేస్తారు. ఆ కణం దొరకడానికి వెల్డింగ్ చేసినోళ్లు, సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ పెట్టినోళ్లు, రాత్రి షిఫ్టులో మీటర్లు చూసినోళ్లు కొన్ని వేలమంది ఉన్నారు. ఆ పనుల్లో ఏ ఒక్కటీ మన పిల్లలకు చేతకానిది కాదు. కాగితం మీద సమీకరణం రాసే పని కూడా అంతే.

ఇంకో సంగతి, ఇది మనకు తగిలే సంగతి. సొరంగం భూమి కింద ఎందుకు తవ్వారు? రేడియేషన్‌కు నేల అడ్డుగా ఉంటుందన్నది ఒక కారణం. ఇంకో కారణం సెర్న్ వాళ్లే చెప్తారు. పైన అంత భూమి కొనడం కంటే కింద సొరంగం తవ్వడమే చవక. పైన పొలాలు, ఊళ్లు అలాగే ఉన్నాయి. ఇది చదివి నేను చాలాసేపు ఆగిపోయా. మా మేనత్త వాళ్లది కూనవరం దగ్గర. పోలవరం ముంపు గ్రామం. అక్కడ భూమి ఖరీదు కట్టిన తీరు వేరు, ఇక్కడ కట్టిన తీరు వేరు. పెద్ద పని అంటే కచ్చితంగా ఎవరో ఒకరు ఊరు ఖాళీ చేయాల్సిందే అన్నది ప్రకృతి నియమం కాదు. అది మనుషులు వేసుకునే లెక్క. ఇప్పుడు సెర్న్ 91 కిలోమీటర్ల కొత్త కొలైడర్ కట్టాలని ప్రతిపాదిస్తే అక్కడి ఊళ్లవాళ్లు మట్టి ఎక్కడ పోస్తారు, నీళ్లు ఎన్ని తీసుకుంటారు అని అడుగుతున్నారు. అడగడం సైన్సుకు వ్యతిరేకం కాదు. సైన్సు తెలిసినోడు మనలో ఉంటే ఆ ప్రశ్నలు ఇంకా గట్టిగా అడగొచ్చు.

ఇక ఉపయోగాలు. నిజం నిజంగా చెప్పుకుందాం. హిగ్స్ బోసాన్ వల్ల మా గూడేనికి ఒక్క బోరింగు రాలేదు. 1897లో ఎలక్ట్రాన్ దొరికినప్పుడు కూడా ఎవరి ఇంటికీ బల్బు రాలేదు. ఈ యంత్రాలు కట్టే దారిలో పుట్టినవి మాత్రం ఇప్పటికే మన చేతుల్లో ఉన్నాయి. మీరు ఈ పోస్టు చదవడానికి పనికొస్తున్న వరల్డ్ వైడ్ వెబ్‌ను టిమ్ బెర్నర్స్ లీ 1989లో సెర్న్‌లోనే ప్రతిపాదించాడు. వేర్వేరు దేశాల శాస్త్రవేత్తలు కాగితాలు పంచుకోవడానికి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అప్పుడు పేటెంటు పెట్టి ఉంటే మనలాంటోళ్ల దాకా ఎప్పుడు వచ్చేదో.

రెండోది నా కళ్లారా చూసింది. పోయిన ఏడాది మా చిన్నాయనకు గొంతు క్యాన్సర్ అని తేలితే నగరంలోని సర్కారు ఆసుపత్రికి తీసుకొచ్చాం. రేడియేషన్ ఇచ్చే గది బయట 30 రోజులకు పైగా కూర్చున్నా. ఆ మిషన్ పేరు లీనియర్ యాక్సిలరేటర్. ఎలక్ట్రాన్ల వేగం పెంచి ఒక లోహం ముక్కకు కొట్టిస్తే గట్టి ఎక్స్‌రేలు పుడతాయి. వాటిని గడ్డ మీదికి గురి పెడతారు. అది కొలైడర్ కాదు, కానీ దాని చుట్టమే. కణాల వేగం పెంచే పద్ధతి ఒకటే. చిన్నాయన "లోపల ఏం చేస్తున్నార్రా నన్ను?" అని భయపడితే, మా కోయ భాషలో నాకు చేతనైనంత చెప్పా. చెప్పాక ఆయన మిషన్ కింద కదలకుండా పడుకున్నాడు. ఇప్పుడు గంజి, మెత్తటి అన్నం తినగలుగుతున్నాడు. నేను చదివిన చదువు మా ఇంట్లో ఒకరికి పనికొచ్చిన మొదటి రోజు అది.

మనకు దారులు ఎక్కడున్నాయో కూడా రాస్తా. 2017 నుంచి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. అందుకని మనవాళ్లు అక్కడి కొన్ని ఉద్యోగాలకు, ఫెలోషిప్‌లకు అప్లై చేయొచ్చు. వాటిలో ఇంజినీర్లు, టెక్నీషియన్ల పోస్టులు కూడా ఉంటాయి. డిగ్రీ, పీజీ పిల్లలకు వేసవి కార్యక్రమం ఉంది. ఇక్కడే చూస్తే, జపాన్‌లోని సూపర్‌కెక్‌బీ కొలైడర్ దగ్గర జరిగే బెల్ టూ ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ భాగం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు అమెరికాలోని నోవా అనే న్యూట్రినో ప్రయోగంలో ఉన్నారు. మన ఓయూకి కూడా ఇందులో పాత చరిత్ర ఉంది. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను పట్టడానికి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1960ల్లో ఈ క్యాంపస్ నుంచే పెద్ద బెలూన్లు ఎగరేశారు. 1969లో ఈసీఐఎల్ వైపు శాశ్వత కేంద్రం పెట్టుకున్నారు. ఐటీఐ చేసిన తమ్ముళ్లకు ఈసీఐఎల్‌లో అప్రెంటిస్ నోటిఫికేషన్లు పడుతుంటాయి, వదలకండి. సెర్న్ ఓపెన్ డేటా అని ఇంటర్నెట్‌లో వెతికితే నిజమైన ఢీల సమాచారం 2014 నుంచి ఉచితంగా పెట్టి ఉంది. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో తెరిచి చూశా, ఎవరినీ పర్మిషన్ అడగక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి. నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. చెల్లి గురుకులంలో ఇంటర్ చదువుతోంది, ఇంటికి తొందరగా ఒక జీతం కావాలి. నాకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయాలని ఉంది. మేం ముగ్గురం కూర్చొని మాట్లాడుకున్నాం. రెండేళ్లు అడిగా. "రెండేళ్లంటే రెండేళ్లే" అన్నాడు నాన్న. చెల్లి తన వేసవి సెలవుల్లో తునికాకు పనికి తానే పోతానంది. నాకు అది నచ్చలేదు, అందుకే సాయంత్రాలు వారాసిగూడలో టెన్త్ పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టా. సీపీగెట్ కోసం చదువుతున్నా. సీటు రాకపోతే బీఈడీకి పోతా, అదీ మాట ఇచ్చా.

మొదటి తరం చదువుకున్న పిల్లలందరికీ ఇది తెలుసు. ఇల్లంతా, ఊరంతా పెట్టుకున్న ఆశ ఒక్కడి మీద దిగుతుంది. ఆ హీటర్ పట్టీల గురించి చదివినప్పుడు నాకు ఈ గ్రూపే గుర్తొచ్చింది. భారం ఒక్క చోట పడితే కరుగుతుంది, పంచుకుంటే నిలుస్తుంది. నా ఎంట్రన్స్ పుస్తకాలు నాలుగు ఈ గ్రూపులోని ఒక అక్క ఇచ్చినవే.

అందుకని నా వంతు. ఇంటర్, డిగ్రీ ఫిజిక్స్‌లో డౌట్లున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆదివారం సాయంత్రం 5 గంటలకు ఆర్ట్స్ కాలేజీ ముందు గడ్డిలో కూర్చుందాం. కోయ, గోండి, లంబాడీ, తెలుగు, ఏ భాషలోనైనా అడగండి. నాకు రాని భాష అయితే వచ్చినోళ్లను పక్కన కూర్చోబెట్టుకుందాం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కింద పేరు పెట్టండి. ఫీజు, హాస్టల్, ఫెలోషిప్ సంగతులు మిమ్మల్నే అడగాలి.